ఖరాబు రక్తం

మా ముత్తాతగారు గోదావరి ఒడ్డున ఒక పరగణాకి జమీందారు. ఆయన కచేరీలో కూర్చుంటే తహసీల్దారు నిలబడే మాట్లాడేవాడని చెప్పేవారు. ఆయన కొడుకు, అంటే మా అమ్మ తండ్రి, ఆ గద్దె మీద కూర్చున్న ఆఖరి మనిషి. జమీందారీలు రద్దయిపోయిన తరవాత కూడా మా తాతగారు బజారులో నడిచి వెళుతుంటే కొట్లలోవాళ్ళు గల్లాపెట్టెల వెనకనుంచి లేచి నిలబడేవారు. ఇది నేను కళ్ళారా చూశాను. ఎవరి దయవల్లా వచ్చిన మర్యాద కాదు కనక ఇక్కడ రాయడానికి నాకు మొహమాటం లేదు.

ఆ తాతగారు తన మేనత్త కూతుర్నే చేసుకున్నారు. ఆవిడ మా అమ్మమ్మ. వాళ్ళ కూతుర్ని, అంటే మా అమ్మని, తాతగారు తన అక్క కొడుక్కే ఇచ్చారు. ఆయన మా నాన్నగారు. నన్ను మా అమ్మ తమ్ముడికి, సొంత మేనమామకే ఇచ్చారు. పెళ్ళయ్యాక కూడా నేను ఆయన్ని మామయ్య అనే పిలిచేదాన్ని. అలా మా అమ్మమ్మే నాకు అత్తగారయింది. బయటి రక్తం మా గడప దాటి లోపలికి రాలేదని మా వాళ్ళు నలుగురిలో చెప్పుకునేవారు. ఆ మాట చెప్పేటప్పుడు నాన్నగారి వెన్ను ఇంకాస్త నిటారుగా అయ్యేది.

ఎనభైల మొదట్లో మిగిలిన పొలాలు అమ్మి నాన్నగారు జూబిలీ హిల్స్‌లో అమ్మమ్మ, మామయ్యతో సహా అందరికీ ఒకే ఇల్లు కట్టారు. అప్పటికక్కడ బండలు, ముళ్ళకంపలు, వాటి మధ్య దూరందూరంగా మేడలు. మద్రాసునుంచి సినిమావాళ్ళు ఒక్కొక్కరే దిగుతున్నారు. పక్కన ఫిల్మ్ నగర్ లేస్తోంది. ఆ ఊపులో నాన్నగారు కూడా ఒక సినిమాకి పెట్టుబడి పెట్టారు. సినిమా వచ్చింది, వెళ్ళిపోయింది. దానితోపాటు ఊళ్ళో మిగుల్చుకున్న మామిడితోట కూడా వెళ్ళిపోయింది. ఆ తరవాతే మా ముందుహాలు షూటింగులకి ఇవ్వడం మొదలైంది. మా ఇంట్లో ‘అద్దె’ అనే మాట అనకూడదు. ‘ఇవ్వడం’ అనాలి. వెండి కంచాలు, నగిషీ కుర్చీలు, ముత్తాతగారి నూనెరంగుల పటం, అన్నీ అసలువి కావడంతో తెరమీద జమీందారు కావలసిన ప్రతివాడూ మా గుమ్మం ఎక్కేవాడు. గోడలకి మేకులు కొట్టేవారు. నేలమీద బీడీలు నలిపేవారు. పెరట్లో ఎక్కడ నీడ ఉంటే అక్కడ నిలబడి మూత్రం పోసేవారు. వాళ్ళు వెళ్ళాక నేను ఫినాయిల్‌తో కడిగించేదాన్ని. అయినా ఆ కంపు, టిఫిన్ల నూనె, మేకప్ రంగుల కంపు కలిసి తెరలకి పట్టేసి వదిలేవి కావు.

మామయ్యకి ఆ వాసనే ప్రాణం. పొద్దున్నే ఇస్త్రీ లాల్చీ వేసుకుని ఫిల్మ్ నగర్‌లో ఏదో ఒక ప్రొడక్షన్ ఆఫీసు బయట బెంచీ మీద కూర్చునేవారు. ఏనాటికైనా ఎవరో ఒకరు లోపలికి పిలుస్తారని. జమీందారు కొడుకు, నిన్నమొన్న డబ్బు చేసిన నిర్మాత కారు తలుపు తీసి పట్టుకోవడం నేను ఒకసారి ఆటోలోంచి చూశాను. తల పక్కకి తిప్పుకున్నాను.

ఇన్ని పోయినా మా అమ్మమ్మ ఒకటి పోనివ్వలేదు. ఇంటి వెనక గొడ్లసావిడి, అందులో రెండు గేదెలు. ఆ మేడల మధ్య పేడవాసన వచ్చేది మా ఒక్క ఇంటినుంచే. కొన్న నెయ్యి గడపలోకి వస్తే తను కాశీకి పోతానని ఆవిడ శపథం. మీగడ తోడేసి, తనే చిలికి, వెన్న కాచి, అందులో వేసిన తమలపాకు చిటపటమంటుంటే దించేది. భోజనాల దగ్గర వెండి నేతిగిన్నె ఆవిడ చేతిలోనే ఉండేది. పిల్లలకి చెంచాతో వెయ్యడం ఆవిడకి నామోషీ. గిన్నె వంచి ధార పోసేది. అన్నం మెతుకులు విడివిడిగా తేలాలి. అప్పుడే అది మా ఇంటి కంచం.

మా అమ్మాయి ఆ కంచంలోనే పెరిగింది. ఉయ్యాల్లో వేసిన రోజే దాన్ని నా తమ్ముడికని అనేసుకున్నారు కూడా.

దానికి మూడో ఏట మొదటిసారి నొప్పి వచ్చింది. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా, గోడవైపు తిరిగి పడుకుంది. నొప్పి బొడ్డు పైన మొదలై వీపులోకి దిగుతుందని చెప్పడానికి దానికి మాటలు రాక, ఒక చెయ్యి పొట్టమీద, ఒక చెయ్యి వెనక పెట్టుకుని చూపించేది. వాంతులు ఆగేవి కావు. అమ్మమ్మ ఉప్పు, మిరపకాయలు దిష్టి తీసి పొయ్యిలో వేసింది. డాక్టరు ఏలికపాములన్నాడు, మందిచ్చాడు. నాన్నగారు సినిమావాళ్ళ తిండన్నారు. ఏమీ తినలేక, తిన్నది నిలవక, రెండుమూడు రోజులకి అదే తగ్గేది. తగ్గగానే అమ్మమ్మ పత్యం పెట్టేది.

“పేగులు ఎండిపోయాయే పిల్లకి. తడపాలి,” అనేది. మెత్తటి అన్నం, మిరియాల పొడి, పైన నెయ్యి. పిల్ల బుగ్గలు మళ్ళీ తేరుకునేవి. కొన్నాళ్ళకి మళ్ళీ గోడవైపు తిరిగి పడుకునేది.

మోచేతులమీద, పిర్రలమీద దానికి చిన్నచిన్న పొక్కులు లేచేవి, పసుపుపచ్చటి మొనలతో. అమ్మమ్మ వాటిని మీగడ పొక్కులనేది.

“మనింటి పిల్లలకి వస్తాయే అవి. పుష్టికి గుర్తు. నా పెద్దవాడికీ ఇలాగే ఉండేవి,” అని మురిసిపోయేది.

ఆవిడ పెద్దవాడంటే మామయ్యకి అన్నగారు. ఎనిమిదేళ్ళ వయసులో కడుపునొప్పితో పోయాడు. అతని ఫోటో గంధపుమాలతో హాల్లో ఉండేది. షూటింగులప్పుడు ఒక్క ఆ ఫోటోనే తియ్యనిచ్చేవాళ్ళం కాదు. దాయాదుల ఇంట పెళ్ళిలో వాళ్ళు తిండిలో మందు పెట్టారని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పెళ్ళి తరవాతనే పిల్లవాడు పడుకున్నాడు, లేవలేదు. అప్పటినుంచీ మా వాళ్ళు దాయాదుల ఇంట మంచినీళ్ళు తాగలేదు, వాళ్ళ చావులకి వెళ్ళలేదు.

మధురానగర్‌లో ఒక డాక్టరు, ఇన్నిసార్లు వస్తోంది కనక రక్తపరీక్ష చేయించమన్నాడు. యూసుఫ్‌గూడలో మెట్లకింద ఒక చిన్న ల్యాబు. నాన్నగారు, నేను, పిల్ల వెళ్ళాం. పొద్దున్నే కదా అని అమ్మమ్మ దానికి వెన్నా ఆవకాయా కలిపిన అన్నం పెట్టే పంపింది. రక్తం తీసి, మమ్మల్ని బయట బల్లమీద కూర్చోబెట్టి, ల్యాబతను కాసేపటికి తల బయటికి పెట్టాడు.

“సార్, రక్తం ఖరాబుగుంది. మళ్ళ తియ్యాలె.”

నాన్నగారు లేచి నిలబడ్డారు. “ఏమన్నావ్?”

“ఖరాబుంది సార్. తెల్లగుంది, పాల లెక్క. గిట్లుంటే మిషన్ల పనికిరాదు. పొద్దుగాల పాపకి ఏమన్న పెట్టిండ్రా?”

“ఎవరి రక్తంరా ఖరాబు?”

“అరె, నేనేమన్న సార్? సీస సంగతి చెప్తున్న. జర ఫికర్ చెయ్యకుండ్రి. రేపు ఖాళీ కడుపుతోని తీస్కరండి, చూద్దాం.”

“నీ బతుకెంత, నువ్వు మా రక్తానికి పేరు పెట్టేదెంత?” అన్నారు నాన్నగారు. అని, గొడుగు తీసుకుని రోడ్డుమీదికి వెళ్ళిపోయారు. ల్యాబతను నావైపు తిరిగి, “గట్ల కోపమెందుకమ్మా? మంచిమాటే చెప్పిన గద,” అన్నాడు. నేను పిల్లని ఎత్తుకుని నాన్నగారి వెనకే పరిగెత్తాను. ఆ సీసా నేను చూడలేదు. నాన్నగారి వీపే చూశాను. ఇంటికొచ్చి ఆయన అమ్మమ్మతో, “ఈ ఊరి నీళ్ళూ బాగులేవు, భాషా బాగులేదు,” అన్నారు. మళ్ళీ ఆ ల్యాబుకి కాదు కదా, ఏ ల్యాబుకీ వెళ్ళనివ్వలేదు.

ఇక్కడివాళ్ళకి ఖరాబు అంటే చెడిపోవడం, అంతే. టైరూ ఖరాబవుతుంది, కూరా ఖరాబవుతుంది. మా చెవులకి అది వంశాన్ని పట్టుకుని తిట్టిన తిట్టులా వినిపించింది.

తరవాతి ఏడు మా హాల్లో భోజనాల సీను తీశారు. జమీందారు బంతిలో కుటుంబమంతా కూర్చుని తింటుంటే కథానాయకుడు వచ్చి కంచం తన్నాలి. జమీందారు వేషగాడు ముత్తాతగారి పటం కిందే కూర్చున్నాడు. అద్దె తలపాగా చెవులమీదికి జారుతోంది. ముద్ద కలపడం రాక వేళ్ళతో కెలుకుతున్నాడు. చిన్నపిల్ల వేషానికి రావలసిన అమ్మాయి రాలేదు. మామయ్య చేతులు నలుపుకుంటూ దర్శకుడి దగ్గరికి వెళ్ళారు.

“ఎవర్నో ఎందుకండీ, మా అమ్మాయి ఉందిగా. అసలు సిసలు జమీందారు పిల్లండీ, దానికి యాక్టింగే అక్కర్లేదు!”

పిల్ల బుగ్గలకి రంగు పూసి కూర్చోబెట్టారు. ప్రొడక్షన్ మేనేజరు డాల్డా డబ్బా తెచ్చాడు. అమ్మమ్మ అడ్డం వెళ్ళింది.

“ఏమిటయ్యా అది?”

“నెయ్యికి బదులండీ బామ్మగారూ. కెమెరాకేం తెలుస్తుందండీ, పచ్చగా ఉంటే చాలు.”

“నా వెండి కంచాల్లో డాల్డా పోస్తావా? నీ కెమెరాకి తెలీదేమో, కంచానికి తెలుస్తుంది,” అని లోపలికి వెళ్ళి తన నేతిజాడీ తెచ్చింది. యూనిట్ వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

కథానాయకుడికి కంచం తన్నడం కుదరలేదు. ఒకసారి కాలు తగల్లేదు, ఒకసారి చెప్పు ఊడింది. దర్శకుడు ‘వన్ మోర్’ అన్నప్పుడల్లా కంచాల్లో కొత్త అన్నం, కొత్త నెయ్యి. బంతిలో నటులందరి పక్కనా ఒక ప్లాస్టిక్ బకెట్ పెట్టారు. కట్ అనగానే నోట్లో ముద్దని అందరూ అందులో ఉమ్మేసేవారు. నమిలిన అన్నం, పప్పు, ఉమ్మి, పైన గడ్డకడుతున్న నెయ్యి. ఒకతను ఉమ్మి, చెయ్యి మా తెరకి తుడుచుకున్నాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న నేను ఆ తెరని ఇవతలికి లాగేశాను. మా అమ్మాయి వాళ్ళని చూసి తనూ ఉమ్మబోయింది.

“ఛీ! అన్నం ఉమ్ముతామా మనం? మింగు తల్లీ, మింగు. వాళ్ళు వేషగాళ్ళు, నువ్వు కాదు,” అంది అమ్మమ్మ వెనకనుంచి.

అది మింగింది. ప్రతి టేకుకీ మింగింది. ఆ బంతిలో నిజంగా భోంచేసింది నా కూతురొక్కతే.

“ఇంక చాలు, లేపండి దాన్ని,” అన్నాను మామయ్యతో.

“ఒక్క షాటే. మధ్యలో లేపితే ఆయనేమనుకుంటారు?” అన్నారాయన, దర్శకుడివైపే చూస్తూ.

ఆ సాయంత్రం నొప్పి వచ్చింది. ఈసారిది మునుపటిలా లేదు. పిల్ల ఏడవడం కూడా మానేసి, ఊపిరి చిన్నచిన్నగా తీస్తోంది. ఎండిన బుగ్గ రంగుమీద వాంతి చారలు. గుమ్మంలో ఉన్నది స్టూడియో వ్యాను ఒక్కటే కాబట్టి లైటు స్టాండ్ల మధ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని పెద్ద ఆస్పత్రికి వెళ్ళాను.

మర్నాడు పొద్దున పిల్లల డాక్టరమ్మ మమ్మల్ని కిటికీ దగ్గరికి పిలిచింది. చేతిలో గాజుగొట్టం ఉంది. అడుగున కాస్త ఎరుపు, పైనంతా తెలుపు. తెలుపంటే పలచగా కాదు, జున్నుపాలలా చిక్కగా.

“ఇది మీ పాప రక్తం. ఇంతకుముందు ఎవరూ చెప్పలేదా మీకు, ఇలా ఉందని?”

నాన్నగారు కిటికీలోంచి బయటికి చూశారు. చెప్పాడనీ, యూసుఫ్‌గూడలో మెట్లకింద ఒకతను చెప్పాడనీ నేనే అన్నాను.

“అప్పుడే ఎవరైనా పట్టించుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదమ్మా,” అంది ఆవిడ. కడుపులో క్లోమం అనే గ్రంథి ఉంటుందనీ, అది వాచిపోయిందనీ, వాచినప్పుడు తన రసంలో తనే ఉడికిపోతుందనీ చెప్పింది. క్లోమం అనే మాట నేను స్కూల్లో బొమ్మ గీసినప్పుడు విన్నదే. పిల్లలకి అది ఒకసారి వాస్తే కారణాలు చాలా ఉంటాయట. ఏలికపాము దారికడ్డం పడవచ్చు, పిత్తాశయంలో రాయి కావచ్చు, సైకిలు హ్యాండిలు పొట్టకి గుచ్చుకోవచ్చు, గవదబిళ్ళలు కావచ్చు, మూర్ఛకి వాడే మందు కావచ్చు.

“మళ్ళీ మళ్ళీ వస్తోందంటే మాత్రం పుట్టుకలో వెతకాలి. గొట్టాల తీరే వంకరగా ఉండొచ్చు, లేదా రక్తంలోనే ఏదో తక్కువ కావచ్చు. మీవారు మీకు ముందునుంచీ బంధువేనా?”

“మా మేనమామ.”

“మీ అమ్మానాన్నలు?”

“మేనరికమే.”

“వాళ్ళ పెద్దవాళ్ళు?”

“వాళ్ళూ అంతే,” అన్నాను. ఎన్నోసార్లు గొప్పగా విన్న మాటలే అవి. ఆ గదిలో నా నోట్లోంచి వస్తుంటే నాకే వెగటుగా అనిపించాయి.

తిన్న కొవ్వుని రక్తంలోంచి తీసేసే పదార్థం ఒకటి ఉంటుందనీ, అది మా అమ్మాయికి పుట్టుకతోనే లేదనీ ఆవిడ చెప్పింది. నాలో సగం లోపం, మామయ్యలో సగం లోపం. సగం ఉన్నవాళ్ళకి చాలావరకు ఏమీ తెలియదు, హాయిగా తిరుగుతారు. ఒకే ఇంటి రెండు సగాలూ కలిసినప్పుడు బయటపడుతుంది. పిల్ల తిన్న నెయ్యంతా రక్తంలోనే తేలుతోంది. చర్మంమీద పొక్కులై లేచింది కూడా అదే.

“మందేమిటండీ మరి?” అన్నారు మామయ్య.

“మందు లేదండీ. నెయ్యి, వెన్న, మీగడ, వేపుళ్ళు, అన్నీ మానెయ్యడమే. నూనె కూడా చుక్క లెక్క. ఇంకోసారి ఇలాంటిది వస్తే నేను మాట ఇవ్వలేను.”

నాన్నగారు అప్పుడు ఇటు తిరిగారు. “మా వంశంలో ఇలాంటివి లేవమ్మా,” అన్నారు.

“ఉన్నాయండీ. ఒంటినిండా ఇవే పొక్కులతో ఒక బాబు కడుపునొప్పితో పోయాడట కదా? నిన్న పాప నానమ్మగారే చెప్పారు,” అంది ఆవిడ, మంచం దగ్గరున్న అమ్మమ్మని చూపించి.

నాన్నగారు మళ్ళీ కిటికీవైపు తిరిగారు. ఆయన వీపు అప్పుడు కూడా వంగలేదు. ఆ నిటారు వీపంటే నాకు మొదటిసారి రోత పుట్టింది.

నేను వంశాన్ని తక్కువ చెయ్యడానికి ఇది రాయడం లేదు. మా ముత్తాతగారి మర్యాద ఆయనది, దాన్ని ఎవరూ తియ్యలేరు. కాని ఆ మర్యాదని పట్టుకుని కూర్చుని, కళ్ళముందు పెట్టిన సీసా చూడకపోవడం మర్యాద కాదు. ఇంటికి వచ్చిన రోజే నా తమ్ముడి సంబంధం మాట ఇంకెప్పుడూ ఎత్తవద్దని చెప్పేశాను. ఎవరూ ఎదురు చెప్పలేదు.

మిగిలింది అమ్మమ్మ.

“చమురులేని అన్నమా మన పిల్లకి? పిడచకట్టుకుపోతుందే గొంతులో,” అంది. ఆస్పత్రిలో సెలైను ఎక్కించారు కాబట్టే తగ్గిందంది. ఆ డాక్టరమ్మకి పెళ్ళి కాలేదు, పిల్లల సంగతి ఏం తెలుసంది. నేను నేతిజాడీ అటక ఎక్కించాను. పిల్లకి చారన్నం, పులుసన్నం, ఆవిరిమీద ఉడికిన కూరా నేనే కలిపి పెట్టడం మొదలుపెట్టాను. పొక్కులు మెల్లగా అణిగాయి.

ఒక మధ్యాహ్నం బజారునుంచి వచ్చేసరికి గొడ్లసావిడి అరుగుమీద అమ్మమ్మ, ఎదురుగా మా అమ్మాయి. చారన్నమే, ముద్దలు చేసి చేతిలో పెడుతోంది. పిల్ల పెదవులు మాత్రం నిగనిగలాడుతున్నాయి. నేను వెళ్ళి దాని చేతిలో ముద్ద తీసుకుని రెండుగా విరిచాను. పైన చారన్నం. లోపల గుంటచేసి పెట్టిన నెయ్యి, గోరువెచ్చగా, నా వేళ్ళ మధ్యనుంచి మణికట్టు దాకా కారింది. పుట్టినప్పటినుంచీ తిన్న నెయ్యే అది. చీముని ముట్టుకున్నట్టు చెయ్యి విదిలించాను.

“ఏం చేస్తున్నావ్ అమ్మమ్మా?”

“పిల్ల చిక్కిపోయిందే.”

“చచ్చిపోతుంది. చెప్పింది కదా ఆవిడ, నీ ఎదురుగానే చెప్పింది! దానికి నెయ్యి విషం.”

“దానికి విషమైతే,” అని ఆగింది అమ్మమ్మ. చేతికంటిన మెతుకులు కంచం అంచుకి తుడిచింది. “నా పెద్దవాడికీ విషమేగా? ఆ పెళ్ళినుంచి వచ్చి నీరసంగా ఉన్నాడని, ఎవరెంత వద్దన్నా, రోజూ నా చేత్తో నేనే పెట్టానే. అయితే వాణ్ణి నేనే చంపుకున్నానంటావా?”

దాయాదులు మందు పెట్టారనే మాటని ఆవిడ ఇన్నేళ్ళూ ఎందుకు వదల్లేదో, ఈ పిల్లకి నెయ్యి పెట్టి ఏమీ కాదని ఎందుకు చూపించాలనుకుంటోందో అప్పుడు అర్థమైంది. జాలి వేసింది. జాలి వేసినా నా చేతిమీద జిడ్డు అలాగే ఉంది. పిల్లని లాక్కెళ్ళి నోరు పుక్కిలించమన్నాను. అది మింగెయ్యడమే అలవాటైన పిల్ల, నీళ్ళు కూడా మింగబోయింది. ఉమ్మమని వీపుమీద తట్టాను. ఉమ్మవచ్చు, మన ఇంట్లో ఉమ్మవచ్చు అని చెప్పాను.

ఆవిడ చేతికి నెయ్యి అందుతున్నంతకాలం పిల్ల నోటికి అందుతూనే ఉంటుంది. ఆవిడని ఎంతకని కాపలా కాస్తాను? నాన్నగారిని అడగలేదు, మామయ్యని అడగలేదు.

ఆ వారంలోనే రెండు గేదెల్నీ అమ్మేశాను. యూసుఫ్‌గూడలో పాలవ్యాపారం చేసే ఒకాయన వచ్చి తోలుకుపోయాడు. కవ్వం, కుండలు, వెండి నేతిగిన్నె కూడా అమ్మేశాను.